బ్యాట్స్‌మన్ చూపు: బంతిని గమనించే విద్య

ఉర్దూ భాషలో చూపునకు సంబంధించి ఒకే ధాతువు నుండి పుట్టిన రెండు పదాలున్నాయి. బసారత్ అంటే కంటిచూపు. బసీరత్ అంటే చూచినదానిలోని అంతరార్థాన్ని గ్రహించే శక్తి. తెలుగులోనూ చూపు వేరు, దృష్టి వేరు. పుస్తకం తెరచి కూర్చున్న విద్యార్థికి అక్షరాలన్నీ స్పష్టంగా కనబడుతున్నా దృష్టి వేరొకచోట ఉంటే పాఠం తలకెక్కదు. క్రికెట్ మైదానంలోనూ ఇదే సూత్రం వర్తిస్తుంది. బంతి అందరి కంటికీ కనబడుతుంది. దానిని గమనించగలిగేవారు కొందరే.

“బంతిని చూచి ఆడు” అనే ఉపదేశం మన మైదానాలలో వినబడని రోజుండదు. అయితే బంతిని ఎక్కడినుండి చూడాలి, ఎప్పుడు చూడాలి, ఎంతవరకు చూడగలము అనే ప్రశ్నలకు సమాధానం చెప్పేవారు అరుదు. ఫలితంగా, ఆడలేకపోయిన విద్యార్థి తన కళ్లే మంచివి కావనుకొని నిరుత్సాహపడతాడు. లేదా కళ్లద్దాలు వచ్చినందువల్ల ఇక ఆట తనకు తగదని బ్యాటును మూలన పెడతాడు. ఇది పొరపాటు. బంతిని గమనించడం పుట్టుకతో వచ్చే వరం మాత్రమే కాదు, అభ్యాసంతో అలవడే విద్య కూడా. గత నలభై ఏళ్లలో శాస్త్రజ్ఞులు జరిపిన పరిశోధనలు ఈ విషయాన్ని బలపరుస్తున్నాయి. వాటి సారాంశాన్ని, వాటి ఆధారంగా మన కళాశాల మైదానంలో పెద్ద ఖర్చు లేకుండా చేయదగిన అభ్యాసాలను ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

కాలపు లెక్క

మొదట చిన్న గణితం. రెండు వికెట్ల మధ్య దూరం 22 గజాలు, అంటే 20.12 మీటర్లు. బౌలర్ బంతిని వదిలే గీతకు, బ్యాట్స్‌మన్ నిలిచే గీతకు మధ్య ఉండే దూరం 58 అడుగులు, అంటే సుమారు 17.7 మీటర్లు. గంటకు 126 కిలోమీటర్ల వేగంతో వేసిన బంతి సెకనుకు 35 మీటర్లు ప్రయాణిస్తుంది. ఆ లెక్కన అది బ్యాట్స్‌మన్‌ను చేరడానికి పట్టే కాలం సుమారు అర సెకను. గాలి, నేల కొంత వేగాన్ని హరిస్తాయి గనుక వాస్తవంలో మరికాస్త ఎక్కువ పట్టవచ్చు. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే స్పిన్ బంతికైనా సెకనులో ఎనిమిది పదవ వంతులు మించి పట్టదు.

ఈ అర సెకను మొత్తం బ్యాట్స్‌మన్ సొంతం కాదు. కంటికి కనబడినది మెదడును చేరి, మెదడు ఆజ్ఞ చేతులను చేరడానికి కొంత వ్యవధి అవసరం. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన పీటర్ మెక్లియాడ్ 1987లో ప్రకటించిన పరిశోధనలో ఈ వ్యవధిని కొలిచాడు. మ్యాటింగ్ పిచ్ కింద సన్నని కర్రలు అమర్చి, బంతి నేలను తాకిన తర్వాత ఏ వైపు తిరుగుతుందో ఎవరూ ముందుగా ఊహించలేనట్లు చేశాడు. అంతర్జాతీయ స్థాయి ఆటగాళ్లు కూడా బంతి తిరిగిన తర్వాత సుమారు 200 మిల్లీసెకన్లలోపు, అంటే సెకనులో అయిదవ వంతు కాలంలోపు, తమ షాటును సవరించుకోలేకపోయారు. గొప్ప ఆటగాడి నరాలు మన నరాలకంటే వేగంగా పనిచేయవని దీనివల్ల తేలుతున్నది. అతని ఆధిక్యం మరెక్కడో ఉన్నది.

కన్ను చేయగలిగినది, చేయలేనిది

కదిలే వస్తువును కన్ను రెండు విధాలుగా వెంబడిస్తుంది. మొదటిది నిలకడగా వెంట సాగే చూపు. ఆకాశంలో ఎగిరే గాలిపటాన్ని చూసేటప్పుడు మన కన్ను చేసేది ఇదే. రెండవది ఒకచోటినుండి మరొకచోటికి ఒక్కసారిగా దూకే చూపు. పుస్తకం చదువుతున్నప్పుడు కన్ను ఒక పదంనుండి మరొక పదానికి ఇలాగే దూకుతుంది.

వెంట సాగే చూపునకు ఒక హద్దు ఉన్నది. అది సెకనుకు సుమారు 100 డిగ్రీల వేగం వరకే చక్కగా పనిచేస్తుంది. ఇప్పుడు మన లెక్కకు మరల వద్దాం. సెకనుకు 35 మీటర్ల వేగంతో వస్తున్న బంతి బ్యాట్స్‌మన్ కంటికి అర మీటరు పక్కగా వెళ్లబోతున్నదనుకొందాం. అది 10 మీటర్ల దూరంలో ఉన్నప్పుడు దానిని వెంబడించడానికి కన్ను సెకనుకు 10 డిగ్రీల వేగంతో తిరిగితే చాలు. 3 మీటర్ల దూరానికి వచ్చేసరికి 100 డిగ్రీలు దాటుతుంది. ఒక మీటరు దూరంలో 800 డిగ్రీలకు చేరుతుంది. కాబట్టి చివరి రెండు మూడు మీటర్లలో బంతిని నిలకడగా వెంబడించడం మానవ నేత్రానికి సాధ్యం కాదు. అమెరికాలో బేస్‌బాల్ ఆటగాళ్లపై బాహిల్, లారిట్జ్ అనే పరిశోధకులు జరిపి 1984లో ప్రకటించిన పరిశీలన కూడా ఇదే చెప్పింది. వృత్తి ఆటగాడు సైతం బంతి తనను చేరకముందే దానిని చూపునుండి జారవిడిచాడు.

మరి నిపుణుడు ఎలా ఆడుతున్నాడు? 2000లో మైకేల్ ల్యాండ్, పీటర్ మెక్లియాడ్ కలిసి ముగ్గురు బ్యాట్స్‌మెన్ తలలకు చిన్న కెమెరాలు అమర్చి వారి చూపును చిత్రించారు. ఒకరు వృత్తి ఆటగాడు, ఒకరు మంచి ఔత్సాహికుడు, మూడవవారు సామాన్యుడు. ముగ్గురూ బంతి విడుదలైన చోటును చూశారు. ఆపైన బంతిని వెంబడించడం మాని, అది నేలను తాకబోయే చోటికి చూపును ముందుగా దూకించి అక్కడ దానికోసం వేచి ఉన్నారు. నేలను తాకిన తర్వాత మళ్లీ కొంతదూరం వెంబడించారు. భేదమల్లా చూపు దూకిన సమయంలోనే ఉన్నది. ఉత్తమ ఆటగాడి చూపు ముందుగా దూకింది, సామాన్యుడి చూపు ఆలస్యంగా దూకింది.

2013లో ఆస్ట్రేలియాకు చెందిన డేవిడ్ మాన్, మరి ఇద్దరు పరిశోధకులు ప్రపంచస్థాయి బ్యాట్స్‌మెన్‌ను, క్లబ్బు ఆటగాళ్లను పోల్చి చూశారు. అత్యుత్తములు తమ తలను బంతి దిశతో కలిపి తిప్పుతున్నారు. చూపును బంతి నేలను తాకే చోటికే గాక, బ్యాటును తాకే చోటికి కూడా ముందే పంపి అక్కడ నిలుపుతున్నారు. “చివరివరకు బంతిని చూడు” అనే పెద్దల మాటలోని సత్యం ఇదే. చివరివరకు వెంబడించడం కాదు, బంతికంటె ముందుగా వెళ్లి దానికి ఎదురు నిలవడం.

బౌలర్ చేతిలోని వార్త

బంతి ఎక్కడ పడుతుందో తెలియనిదే చూపు ముందుగా ఎక్కడికి దూకుతుంది? ఆ సమాచారం బంతి గాలిలోకి రాకముందే లభిస్తుంది. సీన్ ముల్లర్, బ్రూస్ అబెర్నెథీ, డేమియన్ ఫారో 2006లో ప్రకటించిన పరిశోధనలో బౌలర్ల చలనచిత్రాలను బంతి విడుదలకు ముందే ఆపివేసి, రాబోయే బంతి ఏదో చెప్పమని బ్యాట్స్‌మెన్‌ను అడిగారు. చిత్రంలో కొన్ని భాగాలను కప్పివేసి కూడా పరీక్షించారు. మేటి ఆటగాళ్లు బౌలర్ చేతినుండి, మణికట్టునుండి విలువైన సూచనలు గ్రహించగలిగారు. నైపుణ్యం తక్కువగల వారికి అదే చిత్రం కనబడినా ఆ సూచనలు అందలేదు. ఇద్దరి కళ్లముందు ఉన్న దృశ్యం ఒక్కటే. బసారత్ సమానం, బసీరత్ వేరు.

ఇందులో మన కళాశాలల వంటి సంస్థలకు ఊరట కలిగించే విషయం ఒకటున్నది. లక్షల రూపాయల బౌలింగ్ యంత్రం లేనందువల్ల మన పిల్లలు వెనుకబడుతున్నారని మనం అనుకొంటాం. యంత్రానికి భుజం లేదు, మణికట్టు లేదు. కనుక ఈ ముందస్తు సూచనలను గ్రహించే అభ్యాసం యంత్రం ముందు సాధ్యపడదు. మట్టి పిచ్ మీద చెమటోడ్చి బంతులు వేసే సహవిద్యార్థి ఈ విషయంలో యంత్రానికంటె మెరుగైన గురువు.

పటౌడీ నేర్పిన పాఠం

చూపునకు, దృష్టికి ఉన్న భేదాన్ని మన్సూర్ అలీఖాన్ పటౌడీ జీవితంకంటె స్పష్టంగా చూపే ఉదాహరణ దొరకదు. 1961 జూలైలో ఇంగ్లండులోని హోవ్ పట్టణంలో జరిగిన కారు ప్రమాదంలో ఆయన కుడికన్ను దెబ్బతిని చూపు పోయింది. అప్పటికి ఆయన వయస్సు ఇరవై ఏళ్లు. రెండు కళ్లు కలిసి పనిచేస్తేనే దూరాన్ని సరిగా అంచనా కట్టగలమని శాస్త్రం చెబుతుంది. ఆయనకు అగ్గిపుల్లతో సిగరెట్టు వెలిగించుకోవడం, గ్లాసులోకి నీళ్లు వంచుకోవడం వంటి పనులు కూడా కష్టమయ్యాయి.

కొద్ది నెలలకే హైదరాబాదులో పర్యటక ఎం.సి.సి. జట్టుపై బోర్డు అధ్యక్షుని జట్టు తరఫున ఆయన బ్యాటు పట్టాడు. దెబ్బతిన్న కంటికి కాంటాక్ట్ లెన్సు పెట్టుకొని ఆడగా ఒక బంతికి బదులు రెండు బంతులు కనబడ్డాయి. రెండింటిలో లోపలివైపు కనబడినదానిని ఎంచుకొని ఆడాడు. పిమ్మట లెన్సు తీసివేసి, ఆ కన్ను మూసుకొని 70 పరుగులు పూర్తిచేశాడు. ఆ డిసెంబరులోనే టెస్టు క్రికెట్‌లో ప్రవేశించాడు. 1962 మార్చిలో, ఇరవై ఒక్క ఏళ్ల వయస్సులో, భారత జట్టుకు నాయకుడయ్యాడు. 1964లో ఢిల్లీలో ఇంగ్లండుపై అజేయంగా 203 పరుగులు, 1967లో లీడ్స్‌లో 148 పరుగులు చేశాడు. మొత్తం 46 టెస్టులలో 6 శతకాలతో 2,793 పరుగులు సాధించాడు. హైదరాబాదు జట్టులో జయసింహ నాయకత్వం కింద ఏళ్ల తరబడి రంజీ పోటీలు ఆడాడు.

పోయిన కన్ను ఏ అభ్యాసంతోనూ తిరిగి రాలేదు. మిగిలిన కంటితో దేనిని చూడాలో, ఎలా నిలబడి చూడాలో ఆయన కొత్తగా నేర్చుకొన్నాడు. రెండు కళ్లూ ఉండగా ఆయన ఇంకెంత సాధించేవాడోనని అభిమానులు ఇప్పటికీ వాపోతుంటారు. ఆ బాధలో న్యాయం ఉన్నది. విద్యార్థులు మాత్రం ఉన్న కంటితో ఆయన ఏమి సాధించాడో చూడాలి.

శాస్త్ర పరీక్షలు కూడా దీనికి అనుకూలంగానే ఉన్నాయి. డేవిడ్ మాన్, ఆయన సహచరులు బ్యాట్స్‌మెన్‌కు చూపును మసకపరచే లెన్సులు పెట్టి ఆడించారు. ఆ మసక గణనీయమైన స్థాయికి చేరేవరకు వారి ఆట పెద్దగా చెడలేదు. డాన్ బ్రాడ్‌మన్ 1940లో సైన్యంలో చేరినప్పుడు జరిపిన పరీక్షలో ఆయన కంటిచూపు సామాన్యుల చూపుకంటె తక్కువగా ఉన్నట్లు తేలింది. క్లైవ్ లాయిడ్ కళ్లద్దాలతోనే 1975 ప్రపంచకప్పు ఫైనలులో 102 పరుగులు చేశాడు. జహీర్ అబ్బాస్ కళ్లద్దాలతోనే ప్రథమశ్రేణి క్రికెట్‌లో నూరు శతకాల మైలురాయిని దాటాడు.

అలాగని కంటి పరీక్షను నిర్లక్ష్యం చేయరాదు. నల్లబల్ల మీది అక్షరాలు మసకగా కనబడే విద్యార్థి మొదట వెళ్లవలసినది నెట్స్‌కు కాదు, కంటి వైద్యుని వద్దకు. ప్రతి విద్యార్థికీ ఏడాదికొకసారి కంటి పరీక్ష అవసరం. కళ్లద్దాలతో ఆడేవారు గాజు అద్దాలను విడిచి, పగలని పాలీకార్బొనేట్ అద్దాలను వాడాలి.

అభ్యాసాలు

కింది అభ్యాసాలన్నిటిలోను హెల్మెట్, ప్యాడ్లు, గార్డు తప్పనిసరి. బంతిని కొట్టనవసరం లేని అభ్యాసంలోనూ ఈ నియమానికి మినహాయింపు లేదు.

1. చేతిని చూచుట. బౌలర్ పరుగు మొదలుపెట్టినప్పుడు అతని శరీరమంతటినీ సామాన్యంగా చూడాలి. అతడు చివరి అడుగు వేసే సమయానికి చూపు చేయి పైకివచ్చి బంతి విడుదలయ్యే చోటుకు చేరాలి. పరుగు ఆరంభంనుండి బంతినే తదేకంగా చూస్తే దృష్టి అలసిపోతుంది. మొదటి 12 బంతులు ఆడకుండా వదలివేస్తూ, విడుదల క్షణం మాత్రమే గమనించాలి.

2. పలికి చెప్పుట. పిచ్ మీద ముగ్గుపిండితో రెండు అడ్డగీతలు గీసి దగ్గర, నడుమ, దూరం అని మూడు భాగాలు చేయాలి. బంతి చేతిని విడిచిన వెంటనే, నేలను తాకకముందే, అది ఏ భాగంలో పడుతుందో బ్యాట్స్‌మన్ బిగ్గరగా చెప్పాలి. అంపైర్ స్థానంలో నిలిచిన మిత్రుడు తప్పొప్పులను పుస్తకంలో వ్రాయాలి. 24 బంతులలో ఎన్ని సరిపోయాయో వారం వారం పోల్చుకొంటే అభివృద్ధి అంకెలలో కనబడుతుంది. చూపును ముందుగా దూకించే శక్తికి ఇది సూటియైన శిక్షణ.

3. రెండు రంగుల బంతి. సగం ఎరుపు, సగం తెలుపు ఉన్న బంతిని స్పిన్నర్ చేత వేయించాలి. అది దొరకనప్పుడు టెన్నిస్ బంతికి ఒకవైపు ఇన్సులేషన్ టేపు చుడితే సరిపోతుంది. రంగులు తిరుగుతున్న దిశను గాలిలోనే గుర్తించి “లోపలికి”, “బయటికి” అని పలకాలి. కొన్ని వారాల తర్వాత మామూలు బంతి కుట్టును చూచి అదే పని చేయడానికి ప్రయత్నించాలి.

4. తల నిలకడ. మిత్రుడు పది గజాల దూరంనుండి టెన్నిస్ బంతిని విసరుతుండగా బ్యాటు లేకుండా నిలబడి, శరీరానికి దగ్గరగా, కళ్ల కింద బంతిని పట్టుకోవాలి. ముక్కు ఎల్లప్పుడు బంతివైపే ఉండాలి. తల పక్కకు ఒరిగితే కళ్ల మట్టం చెదరి బంతి దారిని కొలవడం కష్టమవుతుంది. పట్టుకొన్న తర్వాత కూడా ఒక క్షణం చూపును అక్కడే నిలపాలి.

5. ఆపివేసిన చిత్రం. నేడు దాదాపు ప్రతి ఇంటా సెల్‌ఫోన్ ఉన్నది. బ్యాట్స్‌మన్ నిలిచే చోటునుండి, నెట్ వెనుక రక్షణలో ఉండి, మన జట్టు బౌలర్లను ఒక్కొక్కరిని చిత్రించాలి. బంతి చేతిని విడిచే క్షణంలో చిత్రాన్ని ఆపి, అది ఏ రకం బంతియో, ఎక్కడ పడుతుందో చెప్పాలి. ఆ తర్వాత మిగిలిన చిత్రాన్ని చూచి సరిచూసుకోవాలి. వర్షాకాలంలో మైదానం తడిసి ఉన్న రోజులకు ఇది ఎంతో అనువైనది. చిత్రం చూసి వదిలివేయక, అదే బౌలర్‌ను నెట్స్‌లో ఎదుర్కొంటేనే ఫలితం స్థిరపడుతుంది.

6. తడి బంతి. సిమెంటు పిచ్ మీద తడిపిన టెన్నిస్ బంతి సర్రున జారి వస్తుంది. 18 గజాల దూరంనుండి దీనిని వేయించి ఆడితే తక్కువ వ్యవధిలో నిర్ణయించడం అలవడుతుంది. గట్టి బంతితో దూరాన్ని తగ్గించడం ప్రమాదకరం, ఆ పని చేయరాదు.

వీటికితోడు, మేజోడులో బంతిని పెట్టి చెట్టుకొమ్మకు వేలాడదీసి కొట్టే పాత అభ్యాసం మనకు తెలిసినదే. బ్రాడ్‌మన్ బాల్యంలో నీటితొట్టి దిమ్మెకు గోల్ఫ్ బంతిని కొట్టి, ఎగిరివచ్చే దానిని వికెట్ పుల్లతో ఆడేవాడని ప్రసిద్ధి. ఇటువంటివి కంటికి చేతికి పొందిక కలిగించడానికి ఉపకరిస్తాయి. బౌలర్ చేతిని చదవడం మాత్రం నేర్పవు.

ప్రచారాలపట్ల జాగ్రత్త

కళ్లను గుండ్రంగా తిప్పడం, పెన్సిలును ముక్కువద్దకు తెచ్చి చూడడం, మెరిసే దీపాలను వేలితో తాకడం వంటి సామాన్య నేత్ర వ్యాయామాలను నమ్మి సొమ్ము వెచ్చించేవారు నేడు ఎక్కువవుతున్నారు. అబెర్నెథీ, వుడ్ 2001లో ప్రకటించిన పరీక్షలో ఇటువంటి సామాన్య శిక్షణ పొందినవారు ఆటలో, ఆ శిక్షణ పొందని వారికంటె మెరుగుపడలేదు. ఇందుకు భిన్నమైన ఉదాహరణ కూడా ఉన్నది. అమెరికాలోని సిన్సినాటి విశ్వవిద్యాలయపు బేస్‌బాల్ జట్టు 2011లో దృష్టి శిక్షణ పొందిన తర్వాత దాని బ్యాటింగ్ సగటు 0.251 నుండి 0.285కు పెరిగింది. అయితే జట్టంతా ఆ శిక్షణ పొందినందున, పెరుగుదలలో ఎంతభాగం దానివల్ల కలిగిందో వేరుచేసి చెప్పడం కష్టం. కనుక కాలం, ధనం పరిమితంగా ఉన్న మనవంటివారు నిజమైన బౌలర్, నిజమైన బంతి ఉన్న అభ్యాసాలకే ప్రాధాన్యమివ్వడం వివేకం. వ్యాయామాలు చేస్తే కళ్లద్దాలు అక్కరలేదని చెప్పేవారి మాటలను నమ్మి వైద్యుడు ఇచ్చిన అద్దాలను విసర్జించడం ఎంతమాత్రం తగదు.

ముగింపు

వారానికి మూడు రోజులు, నెట్స్‌కు ముందు 20 నిమిషాలు ఈ అభ్యాసాలకు కేటాయిస్తే చాలు. ఒకరోజు మొదటి రెండు, ఒకరోజు తర్వాతి రెండు, ఒకరోజు చివరి రెండు చేయవచ్చు. నలుగురు విద్యార్థులు, ఆరు బంతులు, ఒక సెల్‌ఫోన్, ఒక నోటుపుస్తకం ఉంటే అన్నీ సమకూరినట్లే. బౌలర్‌గా ఉన్నవాడు బ్యాట్స్‌మన్‌కు, బ్యాట్స్‌మన్‌గా ఉన్నవాడు బౌలర్‌కు గురువౌతాడు. బౌలర్ తన మణికట్టు ఏ రహస్యాన్ని బయటపెడుతున్నదో తెలుసుకొని దాచుకోవడం నేర్చుకొంటాడు. దానితో బ్యాట్స్‌మన్ మరింత సూక్ష్మంగా చూడక తప్పదు. ఇలా ఒకరి విద్య మరొకరి విద్యకు పదును పెడుతుంది.

అర సెకను కాలాన్ని పెంచడం ఎవరికీ సాధ్యం కాదు. నరాల వేగాన్ని మార్చుకోవడమూ సాధ్యం కాదు. ఆ అర సెకనుకు ముందు జరిగేదానిని చదవడం, ఆ అర సెకనులో చూపును ఎక్కడికి పంపాలో తెలుసుకోవడం మాత్రం మన చేతిలో ఉన్నది. కళ్లద్దాలున్నవారు, సౌకర్యాలు లేనివారు, ఇతరులకంటె ఆలస్యంగా ఆట మొదలుపెట్టినవారు కూడా ఈ విద్యకు అర్హులే. కన్ను దేవుడిచ్చినది, దృష్టి మనం సంపాదించుకోవలసినది.